వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన అంకెల్ని ఎక్సెల్‌లో శుభ్రం చేసుకోవడం ఎలా

మా అక్క కూతురు గ్రూప్స్‌కి చదువుతోంది. మొన్నొకరోజు 2011 జనాభా లెక్కల పట్టికను ఒక వెబ్ పేజీ నుంచి కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేసుకుంది. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అన్నీ ఉన్నాయి. కింద సమ్ కొడితే 112,62,74,200 వచ్చింది. తన పుస్తకంలో మాత్రం దేశ జనాభా 121,08,54,977 అని ఉంది. "మామయ్యా, పుస్తకం తప్పా, పేజీ తప్పా?" అని ఫోన్ చేసింది.

రెండూ కరెక్టే. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూడమన్నాను. తేడా 8,45,80,777. అది అచ్చంగా 2011 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా. ఆ సెల్‌లో అంకె పక్కన ఒక ఫుట్‌నోట్ గుర్తు అంటుకుని వచ్చింది: 84,580,777[2]. చదివే మనకి అది అంకెలాగే కనిపిస్తుంది. ఎక్సెల్ మాత్రం దాన్ని అక్షరాల కింద జమకట్టింది. అక్షరాలున్న సెల్‌ని సమ్ కూడదు, కూడలేదని మనకి చెప్పదు కూడా. ఎనిమిదిన్నర కోట్ల మంది లెక్కలోంచి జారిపోయినా స్క్రీన్ మీద ఒక్క హెచ్చరికా రాలేదు.

ఎర్రర్ వస్తే నయమే, వెతుక్కుని సరిచేసుకుంటాం. ఏ చప్పుడూ లేకుండా తప్పు మొత్తం రావడమే అసలు ప్రమాదం. కింద చెప్పే పద్ధతి అంతా దాన్ని పట్టుకోవడానికే. ఎక్సెల్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, గూగుల్ షీట్స్‌లో తేడా ఉన్నచోట చెబుతాను. ఫంక్షన్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. షీట్‌లో వాటిని ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి. బీ2 అంటే బీ కాలమ్‌లో రెండో వరస.

1. పేస్ట్ చేసే ముందే ఒక్క నిమిషం ఆగండి

పట్టికలో అంకెలతో కనిపించేవన్నీ లెక్కపెట్టే అంకెలు కావు. సర్వే నంబర్, ఇంటి నంబర్, ఫోన్ నంబర్, బ్యాంక్ ఖాతా నంబర్, ఇవన్నీ పేర్లలాంటివి. వీటిని ఎవరూ కూడరు, తీసేయరు. కానీ ఎక్సెల్‌కి ఆ తేడా తెలియదు. అంకె కనిపిస్తే చాలు, తనకి తోచినట్టు మార్చేస్తుంది.

మన భూమి రికార్డుల పేజీల నుంచి కాపీ చేసేవాళ్ళకి ఇది బాగా అనుభవమై ఉంటుంది. సర్వే నంబర్ 12/3 అని ఉంటే, పేస్ట్ చేయగానే అది మార్చి 12వ తేదీ అయి కూర్చుంటుంది. అయ్యో అని ఆ సెల్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌కి మారిస్తే 12/3 తిరిగి రాదు. 2025లో పేస్ట్ చేసి ఉంటే 45728 అని వస్తుంది. ఎక్సెల్ తేదీలన్నిటినీ 1900 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది, ఆ లోపలి సంఖ్యే బయటికి వస్తుందన్నమాట. హైదరాబాద్ ఇంటి నంబర్ల సంగతీ అంతే. 3-6-10 అనే ఇల్లు 2010 జూన్ 3 అయిపోతుంది. కంప్యూటర్‌లో రీజియన్ అమెరికా అని ఉంటే అదే మార్చి 6 అవుతుంది. హాకీ మ్యాచ్‌లో 2-1 స్కోర్ జనవరి 2 అవుతుంది. ఇలా మారిన తర్వాత వెనక్కి తేవడానికి నమ్మకమైన దారి లేదు. మళ్ళీ పేజీకి వెళ్ళి కాపీ చేసుకోవడమే.

ఇది మన ఒక్కరి బాధ కాదు. జన్యు శాస్త్రవేత్తలు వాడే కొన్ని జన్యువుల పేర్లు మార్చి నెలలా, సెప్టెంబర్ నెలలా కనిపించేవి. ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తుంటే విసిగిపోయి, 2020లో ఏకంగా ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఆ తర్వాత 2023లో మైక్రోసాఫ్ట్, ఇలా తనంతట తాను మార్చే అలవాటును ఆపుకునే ఆప్షన్ ఎక్సెల్‌లో ఇచ్చింది. కొత్త వెర్షన్ ఉంటే ఫైల్, ఆప్షన్స్, డేటా అనే వరసలో వెళ్తే 'ఆటోమేటిక్ డేటా కన్వర్షన్' కింద కనిపిస్తుంది. అయితే తేదీల విషయంలో అది అక్షరాలూ అంకెలూ అతుక్కుని ఉన్న పేర్లకే పనికొస్తుంది, 12/3 లాంటివాటిని ఆపదు.

కాబట్టి ఏ వెర్షన్ ఉన్నా ఇలా చేయండి. ఖాళీ షీట్‌లో కాలమ్స్ అన్నీ సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌ని ముందుగానే టెక్స్ట్ అని పెట్టండి. తర్వాత పేజీలో పట్టికను కాపీ చేసుకుని, కంట్రోల్ వీ కొట్టకుండా రైట్ క్లిక్ చేసి 'మ్యాచ్ డెస్టినేషన్ ఫార్మాటింగ్' అనే పేస్ట్ ఆప్షన్ ఎంచుకోండి. మామూలు పేస్ట్ చేస్తే పేజీ తన ఫార్మాట్‌ని వెంట తెచ్చుకుని మీరు పెట్టిన టెక్స్ట్ ఫార్మాట్‌ని తుడిచేస్తుంది. చాలామంది ఇక్కడే "టెక్స్ట్ పెట్టినా తేదీ అయిపోతోంది" అని టెన్షన్ పడతారు.

ఇలా చేస్తే 12/3 అనేది 12/3గానే ఉంటుంది. హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040లో సున్నా పోదు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, 16 అంకెల కార్డ్ నంబర్‌ని సంఖ్యగా తీసుకుంటే చివరి అంకె సున్నా అయిపోతుంది. టెక్స్ట్‌గా దించుకుంటే ఆ ఇబ్బందీ ఉండదు.

నేనైతే జనాభా, ధరలు లాంటి లెక్కపెట్టే కాలమ్స్‌ని కూడా మొదట టెక్స్ట్‌గానే దించుకుంటాను. ఎందుకో మూడో అంచెలో తెలుస్తుంది. ఆ షీట్‌కి 'అసలు' అని పేరు పెట్టి, పైన పేజీ అడ్రస్, కాపీ చేసిన తేదీ రాసి, ఇక దాన్ని ముట్టుకోను. పనంతా దాని నకలు మీదే.

2. ఏది అంకె, ఏది కాదు?

ఇప్పటికే మామూలుగా పేస్ట్ చేసేసినవాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

కంటితో చూసి తెలుసుకునే గుర్తు ఒకటుంది. ఎక్సెల్ అంకెల్ని సెల్‌లో కుడివైపు, అక్షరాల్ని ఎడమవైపు సర్దుతుంది. పేజీ నుంచి వచ్చిన అలైన్‌మెంట్ దీన్ని కప్పేస్తుంది కాబట్టి ముందు కాలమ్ మొత్తానికి అలైన్‌మెంట్ తీసేయండి. ఎడమకి అతుక్కుని ఉన్నవి అక్షరాలు. కొన్నిటికి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా కనిపిస్తుంది.

కంటిని నమ్ముకుని వదిలేయకుండా లెక్క వేయండి. =కౌంట్‌ఏ(బీ2:బీ36) అంటే నిండిన సెల్స్ ఎన్నో చెబుతుంది. =కౌంట్(బీ2:బీ36) అంటే అందులో అంకెలున్నవి ఎన్నో చెబుతుంది. రెండూ సమానంగా ఉండాలి. 2011లో మన దేశంలో 28 రాష్ట్రాలు, 7 కేంద్రపాలిత ప్రాంతాలు, మొత్తం 35. మా మేనకోడలి షీట్‌లో కౌంట్‌ఏ 35 చూపించింది, కౌంట్ 34 చూపించింది. సమ్ కొట్టే ముందు ఈ రెండూ కొట్టి ఉంటే ఫోన్ చేయాల్సిన అవసరమే ఉండేది కాదు.

తేడా ఉందని తెలిశాక దొంగ ఏ సెల్‌లో ఉన్నాడో వెతకాలి. పక్క కాలమ్‌లో =ఈజ్‌నంబర్(బీ2) అని రాసి కిందిదాకా లాగండి. ఫాల్స్ వచ్చినవాటిని ఫిల్టర్ చేస్తే అంకె కానివన్నీ ఒక్కచోటికి వస్తాయి.

3. ఏం అంటుకుని ఉందో చూసి, వరసలో తీయండి

అసలు పనంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి. తీసే వరస మారితే శుభ్రం చేస్తున్నాననుకుంటూనే అంకెల్ని పాడుచేస్తాం.

ముందుగా ఫుట్‌నోట్ గుర్తులు. "అంకెలు కానివన్నీ తీసేస్తే సరిపోతుంది కదా" అనిపిస్తుంది. 84,580,777[2] మీద అలా చేసి చూడండి. కామాలు పోతాయి, బ్రాకెట్లు పోతాయి, మిగిలేది 845807772. ఎనిమిదిన్నర కోట్లు కాస్తా ఎనభై నాలుగున్నర కోట్లు అయ్యాయి. పైగా ఇప్పుడది స్వచ్ఛమైన అంకె, కౌంట్, ఈజ్‌నంబర్ పరీక్షలకి దొరకదు. అందుకే బ్రాకెట్లు ఉండగానే, లోపలున్న నంబర్‌తో సహా తీసేయాలి. కంట్రోల్ హెచ్ కొట్టి, 'ఫైండ్' దగ్గర [*] అని, 'రీప్లేస్' దగ్గర ఏమీ రాయకుండా 'రీప్లేస్ ఆల్' నొక్కండి. ఇక్కడ నక్షత్రం గుర్తుకి 'మధ్యలో ఏదున్నా సరే' అని అర్థం. గూగుల్ షీట్స్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ బాక్స్‌లో టిక్ పెట్టి \[.*?\] అని రాయాలి.

ఒక జాగ్రత్త. ఫుట్‌నోట్ గుర్తే నక్షత్రం అయితే, అంటే 35,003,674* లాంటివైతే, ఎక్సెల్‌లో ఉత్త * అని వెతక్కండి. సెలెక్ట్ చేసిన సెల్స్ అన్నీ ఖాళీ అయిపోతాయి. ~* అని రాయండి, అప్పుడు అసలైన నక్షత్రాన్నే తీస్తుంది.

ఇంకా చిక్కుది, బ్రాకెట్లు లేకుండా పైన చిన్నగా వేసే నంబర్. పేజీలో 84,580,777 పక్కన చిన్న 2 కనిపిస్తుంది. పేస్ట్ చేశాక అది 84,580,7772 అవుతుంది. ఇదొక్కటి చూసే నేను అన్నిటినీ మొదట టెక్స్ట్‌గా దించుకోవడం అలవాటు చేసుకున్నాను. టెక్స్ట్‌గా ఉంటే కామాలు అలాగే ఉంటాయి, చివరి కామా తర్వాత మూడు బదులు నాలుగు అంకెలుంటే దొరికిపోతుంది. =మిడ్(బీ2,లెన్(బీ2)-3,1) అని కొడితే చివరి నుంచి నాలుగో అక్షరం వస్తుంది. అది కామా కాకపోతే ఆ సెల్‌ని పేజీతో పోల్చి చూడాలి. మన పద్ధతిలో రాసినా, విదేశీ పద్ధతిలో రాసినా చివరి కామా తర్వాత మూడంకెలే కాబట్టి వెయ్యి దాటిన పూర్ణసంఖ్యలకి ఈ పరీక్ష రెండుచోట్లా పనిచేస్తుంది.

తర్వాత కనిపించని ఖాళీలు. సెల్‌లో చూస్తే 84,580,777 అని శుభ్రంగా ఉంటుంది, ఈజ్‌నంబర్ మాత్రం ఫాల్స్ అంటుంది. అప్పుడు =లెన్(బీ2) కొట్టండి. కామాలతో కలిపి 10 రావాలి. 11 వస్తే కనిపించనిది ఏదో ఉంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ యూనికోడ్ అనే పద్ధతిలో ఒక నంబర్ ఉంటుంది. చివర ఉన్నదాని నంబర్ =యూనికోడ్(రైట్(బీ2,1)) చెబుతుంది. ముందువైపు ఉందనుకుంటే రైట్ బదులు లెఫ్ట్ పెట్టండి. 32 వస్తే మామూలు స్పేస్. 160 వస్తే వెబ్ పేజీల్లో వాడే విడిపోని స్పేస్, లైన్ మారినప్పుడు రెండు మాటలు విడిపోకుండా పెట్టేది. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొరికింది ఇదే. అంకెల మధ్య ఖాళీలు పెట్టే పేజీల నుంచి 8239, 8201 వస్తుంటాయి. 8203 అయితే అసలు వెడల్పే లేని స్పేస్, ఎంత కళ్ళు చించుకున్నా కనపడదు.

ట్రిమ్ ఫంక్షన్ వేశాను, పోలేదు అంటారు చాలామంది. ట్రిమ్‌కి 32 ఒక్కటే తెలుసు. క్లీన్ ఫంక్షన్ 0 నుంచి 31 వరకు ఉన్నవాటినే తీస్తుంది. 160 ఈ రెండిటి చేతికీ చిక్కదు. దాన్ని పేరు పెట్టి పిలిచి తీయాలి: =సబ్‌స్టిట్యూట్(బీ2,యూనిచార్(160),"")

మామూలు స్పేస్, కామా కూడా కలిపి ఒకేసారి తీసి అంకెగా మార్చేది ఇదీ:

=వాల్యూ(సబ్‌స్టిట్యూట్(సబ్‌స్టిట్యూట్(సబ్‌స్టిట్యూట్(బీ2,యూనిచార్(160),"")," ",""),",",""))

నా పనిలో ముప్పావు వంతు ఈ ఒక్క ఫార్ములాతో అయిపోతుంది. పక్క కాలమ్‌లో వేసి కిందిదాకా లాగండి. కొత్త కాలమ్ ఫార్మాట్ మాత్రం జనరల్ అని ఉండాలి. టెక్స్ట్ అని ఉంటే ఫార్ములా పనిచేయకుండా రాసింది రాసినట్టు కనిపిస్తుంది. ఏదైనా సెల్‌లో వాల్యూ ఎర్రర్ వస్తే సంతోషించండి, ఇంకా ఏదో మిగిలి ఉందని అదే చెప్పింది. అంతా సరిగ్గా వచ్చాక ఆ కాలమ్‌ని కాపీ చేసి 'పేస్ట్ వాల్యూస్' చేసుకోండి.

ఇక రూపాయలు. మన పేజీల్లో ధరలు రకరకాలుగా ఉంటాయి: ₹14,500 అని, రూ. 14,500/- అని, 14,500.00 అని. మిర్చి యార్డ్ ధరలు రోజూ షీట్‌లో ఎక్కించుకునే ఒక రైతు షీట్ సరిచేస్తూ ఈ ఉచ్చు చూశాను. గూగుల్ షీట్స్‌లో రెజెక్స్‌రీప్లేస్ ఫంక్షన్‌కి [^0-9.] అని ఇస్తే అంకెలు, చుక్క తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. దశాంశం పోకూడదని చుక్కని ఉంచుతాం. కానీ 'రూ.' అన్నదాంట్లో కూడా చుక్క ఉంది! 'రూ' పోతుంది, చుక్క మిగులుతుంది. రూ. 14,500/- అనేది .14500 అవుతుంది. దాన్ని అంకెగా మారిస్తే 0.145. క్వింటా మిర్చి ధర పదిహేను పైసల లోపు. సగటు తీసినప్పుడు ఇలాంటివి నాలుగు కలిస్తే చాలు, నెల ధర తలకిందులైపోతుంది. కాబట్టి 'రూ.' అనేదాన్ని చుక్కతో సహా, '/-' అనేదాన్ని గీతతో సహా ముందు ఫైండ్ రీప్లేస్‌లో తీసేయండి. ఇంగ్లీష్‌లో రాసిన రూపాయి పొట్టి పేరుకీ ఇదే వర్తిస్తుంది.

మైనస్ గుర్తు కూడా మోసం చేస్తుంది. కీబోర్డ్ మీద ఉన్న గీత వేరు, పేజీల్లో అందంగా అచ్చయ్యే మైనస్ వేరు. దాని నంబర్ 8722. కొందరు 8211 నంబర్ పొడుగు గీత వాడతారు. రెండిటినీ ఎక్సెల్ మైనస్‌గా గుర్తించదు. =సబ్‌స్టిట్యూట్(బీ2,యూనిచార్(8722),"-") అని మామూలు గీతకి మార్చుకోండి. ఇక్కడ అంకెలు తప్ప అన్నీ తీసేసే పద్ధతి వాడితే నష్టం లాభమైపోతుంది. కంపెనీల లెక్కల్లో (1,234) అని బ్రాకెట్లో రాస్తే మైనస్ అని అర్థం, అది ఎక్సెల్‌కీ తెలుసు. ఆ తెలివే ఇంకోచోట చెరుపు చేస్తుంది: ఫుట్‌నోట్ నంబర్ (1) విడిగా ఒక సెల్‌లో పడితే దాన్ని -1 చేసేస్తుంది.

4. చుక్క, కామా తారుమారైన దేశాలు

జర్మనీ, బ్రెజిల్ లాంటి చోట్ల వేలకి చుక్క, దశాంశానికి కామా పెడతారు. జర్మనీకి చదువుకోడానికి వెళ్ళబోయే పిల్లలు ఇంటి అద్దెల పట్టిక కాపీ చేసుకుంటే 1.250 అని వస్తుంది. పన్నెండు వందల యాభై యూరోలని అర్థం. మన ఎక్సెల్ దాన్ని ఒకటిం పావుగా చదువుకుంటుంది, ఎర్రర్ రాదు. ఇక్కడ కామాలు తీసేసే పై ఫార్ములా వాడకండి. =నంబర్‌వాల్యూ(బీ2,",",".") వాడండి. దశాంశం ఏది, వేల గుర్తు ఏది అన్నది మీరే చెప్పే ఫంక్షన్ ఇది. సెల్ టెక్స్ట్‌గా ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది, మొదట టెక్స్ట్‌గా దించుకోమన్నందుకు ఇదింకో కారణం.

5. లక్షలు, కోట్లు, మిలియన్లు

వార్తల పేజీల నుంచి తెచ్చుకున్న పట్టికల్లో 2.3 కోట్లు, 85 లక్షలు, 35 మిలియన్లు అన్నీ ఒకే కాలమ్‌లో ఉంటాయి. దీనికి పెద్ద ఫార్ములా రాసేవాళ్ళున్నారు. నాకది నచ్చదు, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో కనపడదు. 'టెక్స్ట్ టు కాలమ్స్' వాడి అంకెని ఒక కాలమ్‌లోకి, మాటని ఇంకో కాలమ్‌లోకి విడగొట్టండి. మూడో కాలమ్‌లో లక్షకి 100000, కోటికి 10000000, మిలియన్‌కి 1000000, బిలియన్‌కి 1000000000 వేసుకుని గుణించండి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ఈ రెండూ గుర్తుంటే చాలు.

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. 8.46 కోట్లని గుణిస్తే 8,46,00,000 వస్తుంది. చూడ్డానికి చివరి అంకె దాకా లెక్కపెట్టినట్టే ఉంటుంది, నిజానికి అది సుమారు అంకె. పక్క కాలమ్‌లో 'సుమారు' అని రాసి పెట్టుకోండి. లేకపోతే నెల తర్వాత మీకే తేడా తెలియదు.

6. తెలుగు అంకెలు

పంచాంగాలు, పాత పుస్తకాల పేజీల నుంచి కాపీ చేస్తే ౧౨౩ లాంటి తెలుగు అంకెలు వస్తాయి. ఎక్సెల్‌కి ఇవి అక్షరాలే. యూనికోడ్‌లో వీటి నంబర్లు 3174 నుంచి 3183 దాకా. సున్నా నుంచి తొమ్మిది దాకా పదిసార్లు ఫైండ్ రీప్లేస్ చేయాలి. ఐదు నిమిషాల పని. ఒక్కచోట కన్ను మోసపోతుంది: తెలుగు సున్నా ౦, అనుస్వారం ం చూడ్డానికి దాదాపు ఒకటే. టైప్ చేసినవాళ్ళు సున్నాకి బదులు అనుస్వారం వాడి ఉంటే రీప్లేస్ చేసినా అది అలాగే మిగిలిపోతుంది. అనుమానమొస్తే యూనికోడ్ ఫంక్షన్‌తో చూడండి. 3074 వస్తే అనుస్వారమే.

7. ఖాళీలకి సున్నా పెట్టకండి

వివరం దొరకని చోట పేజీల్లో చిన్న గీతో, రెండు చుక్కలో పెడతారు. ప్రపంచ బ్యాంక్ పట్టికల్లో రెండు చుక్కలుంటాయి. వాటిని చూసి చాలామంది సున్నా వేసేస్తారు. లేదు అనడం వేరు, తెలియదు అనడం వేరు. నాలుగు ఊళ్ళలో అక్షరాస్యత 60, 70, 80, నాలుగోది తెలియదు అనుకోండి. ఖాళీగా వదిలేస్తే యావరేజ్ 70 ఇస్తుంది. సున్నా వేస్తే 52.5 ఇస్తుంది. ఊరికి లేని నిరక్షరాస్యతని మనం అంటగట్టినట్టు అవుతుంది. ఖాళీగా వదిలి, పక్కన 'వివరం లేదు' అని రాయండి.

శాతాల దగ్గరా ఇలాంటిదే ఒకటుంది. 67.02% అని శాతం గుర్తుతో వచ్చినదాన్ని ఎక్సెల్ లోపల 0.6702గా దాచుకుంటుంది. గుర్తు లేకుండా వచ్చిన 67.02 అలాగే ఉంటుంది. కాలమ్‌లో రెండూ కలిస్తే సగటు అర్థం లేనిదవుతుంది. మాక్స్, మిన్ కొట్టి చూస్తే వెంటనే దొరుకుతుంది.

8. సరిచూసుకోవడం

శుభ్రం చేయడం అయిపోయింది అనుకున్నాక నేను ఎప్పుడూ నాలుగు పరీక్షలు పెడతాను. కౌంట్, కౌంట్‌ఏ సమానమా? ఖాళీలు తీసేస్తే వరసల సంఖ్య పేజీలో ఉన్నంతే ఉందా? మాక్స్, మిన్ నమ్మదగ్గవేనా? మొత్తం పేజీలో ఇచ్చిన మొత్తంతో కలిసిందా?

జనాభా పట్టికనే తీసుకుంటే, 2011లో అందరికంటే పెద్దది ఉత్తర ప్రదేశ్, 19,98,12,341. చిన్నది లక్షద్వీప్, 64,473. మాక్స్ 84 కోట్లు చూపిస్తే ఫుట్‌నోట్ ఎక్కడో అతుక్కుపోయింది. మిన్ 2 అని వస్తే ఫుట్‌నోట్ నంబర్ విడిగా ఒక సెల్‌లో కూర్చుంది. సమ్ సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే పట్టిక చివర ఉన్న 'మొత్తం' అనే వరసను కూడా కలిపి కూడేశారు.

మొత్తం కలవకపోతే తేడా ఎంతో తీసి, ఆ తేడానే కంట్రోల్ ఎఫ్‌తో పేజీలో వెతకండి. ఒక్క వరస జారిపోయి ఉంటే అది అక్కడే దొరుకుతుంది. మా మేనకోడలి షీట్‌లో జరిగింది అదే.

ఒక్కోసారి మన తప్పేమీ లేకుండానే అంకెలు కలవవు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా కొన్ని పేజీల్లో 3,51,93,978 అని, కొన్నిటిలో 3,50,03,674 అని ఉంటుంది. తేడా 1,90,304. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ జనం అటు మారిన లెక్క ఒకటి, మారకముందు లెక్క ఒకటి. ఆంధ్రప్రదేశ్ అంకె కూడా 4,93,86,799 నుంచి 4,95,77,103కి సరిగ్గా అంతే పెరుగుతుంది. ఏ జత కూడినా 8,45,80,777 వస్తుంది. ఒక పేజీ నుంచి తెలంగాణ, ఇంకో పేజీ నుంచి ఆంధ్రప్రదేశ్ తెచ్చుకుంటేనే లెక్క తప్పుతుంది. అందుకే ఒక పట్టికకి ఒకే పేజీ పెట్టుకోండి.

9. కోట్లలో కామాలు, చివరగా సేవ్

శుభ్రం చేసిన 84580777 లాంటి అంకెల్ని విడగొట్టి చదువుకోవాల్సిన అవస్థ లేకుండా మన పద్ధతిలో కామాలు కావాలంటే, ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్ ఎంచుకుని ఇది పేస్ట్ చేయండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

84580777 అనేది 8,45,80,777గా కనిపిస్తుంది. ఇది పైపై రూపమే, లోపలి అంకె మారదు. మైనస్ అంకెలకి మాత్రం లక్షల దగ్గర విదేశీ కామాలే వస్తాయి.

సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ ఫైల్‌గానే చేసుకోండి. ఎవరికైనా సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) పంపాల్సి వస్తే, జాబితాలో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని ఉన్నదాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీలో ఊళ్ళ పేర్లు తెలుగులో ఉంటే అన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, వాటిని వెనక్కి తేలేం. అందుకునేవాళ్ళకి ఒక మాట చెప్పండి: ఆ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 12/3 సర్వే నంబర్ మళ్ళీ మార్చి 12 అయి కూర్చుంటుంది. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెచ్చుకుని, 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా' నొక్కి, ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని ఎంచుకున్నాకే లోడ్ నొక్కమనండి.